నాలుగు మూలలూ ఒక రంగూ

సినిమాలో కథానాయిక ఫోను చేతిలోకి తీసుకుంటుంది. కెమెరా దగ్గరికి జరిగేసరికి తెర మీద ఒక మెసేజ్ కనిపిస్తుంది. దాని మీదుగా ఆమె బొటనవేలు జారుతుంది. అయిదు సెకన్ల షాటు. షూటింగ్ రోజున ఆ ఫోనులో చాలాసార్లు మెసేజ్ ఉండదు. తెర నల్లగా ఆపేసి ఉంటుంది, లేదంటే నిండా ఆకుపచ్చ రంగు పెట్టి మూలల్లో నాలుగు గుర్తులు అతికించి ఉంటాయి. మెసేజ్‌లో ఏం రాయాలో దర్శకుడు ఎడిటింగ్ దాకా తేల్చకపోవచ్చు. వెలిగే తెరను ఉన్నదున్నట్టు తీద్దామంటే కెమెరా షట్టరుకీ తెర వెలుగుకీ లయ కుదరక పట్టీలు పట్టీలుగా మినుకుమనొచ్చు. అందుకే ఆ మెసేజ్‌ను తర్వాత, ఏ మాదాపూర్‌లోనో చీకటి గదిలో కూర్చుని ఒక కాంపోజిటర్ అతికిస్తారు.

విజువల్ ఎఫెక్ట్స్ అనగానే మనకు 2012 నాటి ‘ఈగ’ గుర్తొస్తుంది, దానికి జాతీయ పురస్కారం అందుకున్న హైదరాబాద్ స్టూడియో మకుట గుర్తొస్తుంది, మాహిష్మతి కోటలు గుర్తొస్తాయి. అంత పెద్ద దృశ్యాల్లో ఆశ్చర్యం చాటున చిన్న తప్పులు దాక్కోగలవని నా అనుమానం. ఫోను తెరకు ఆ వెసులుబాటు లేదు. అది ఎలా వెలుగుతుందో థియేటర్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. చాలామంది ఒళ్లో ఆ క్షణాన ఒకటి వెలుగుతూనే ఉంటుంది కూడా. ఈ పనిలో చెయ్యి చేసేదేమిటో, కన్ను చేసేదేమిటో తెలుసుకోవడానికి అందుకే ఫోను షాటు కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పని నాలుగు చుక్కలతో మొదలవుతుంది. 1993లో డిజిటల్ డొమైన్ స్టూడియో సొంత అవసరానికి రాసుకున్న న్యూక్ అనే సాఫ్ట్‌వేర్ ఇవాళ కాంపోజిటింగ్‌లో ఎక్కువ స్టూడియోల్లో కనిపిస్తుంది. 2007 నుంచి అది లండన్‌లోని ఫౌండ్రీ కంపెనీ చేతిలో ఉంది. అందులో కార్నర్‌పిన్ అనే నోడ్ తీసుకుని దాని ప్రాపర్టీస్ ప్యానెల్ తెరిస్తే, వ్యూయర్‌లో, అంటే బొమ్మ కనిపించే కిటికీలో, బొమ్మ మూలల మీద పట్టుకుని లాగడానికి వీలైన చుక్కలు వస్తాయి. వీటినే హ్యాండిల్స్ అంటారు. ఒక్కొక్క చుక్కనూ లాగి ఫోను మూల మీద పెడితే మెసేజ్ బొమ్మ ఫోను వాలుకు తగ్గట్టు ఒరుగుతుంది. దగ్గరి అంచు పొడవుగా, దూరపు అంచు పొట్టిగా, అక్షరాలు కూడా ఆ వాలులోనే చిక్కబడుతూ.

లోపల జరిగే లెక్క ఇది. ఒక చదునైన బొమ్మను దూరం, దగ్గర తేడాతో సహా ఇంకో చదును మీదికి మార్చాలంటే మూడు అడ్డ వరసలు, మూడు నిలువు వరసలు ఉన్న మ్యాట్రిక్స్ కావాలి. అంటే తొమ్మిది అంకెలు. అన్నింటినీ ఒకే సంఖ్యతో గుణించినా ఫలితం మారదు కాబట్టి నిజంగా తేలాల్సినవి ఎనిమిది. ఇప్పుడు మూలలు చూడండి: నాలుగు. ఒక్కో దానికి అడ్డం కొలత ఒకటి, నిలువు కొలత ఒకటి. మొత్తం ఎనిమిది. మూడు మూలలే ఇస్తే సమాచారం చాలదు. అయిదు చుక్కలిస్తే ఒకదానితో ఒకటి పేచీ పడతాయి. ఆ మ్యాట్రిక్స్‌లోని అంకెల్ని చూసి ఫోను ఎటు వాలిందో చెప్పగల మనిషిని నేనింతవరకు చూడలేదు. అదే మూలల్ని చూపిస్తే పదేళ్ల పిల్ల కూడా సరిగ్గా పెట్టేస్తుంది. తెర మీది హ్యాండిల్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. మనిషికి చేతకాని ఎనిమిది అంకెల్ని, మనిషికి పుట్టుకతో వచ్చిన చూపుకీ వేలికీ అప్పగిస్తుంది.

ఈ ఆలోచనకు వయసు చాలానే ఉంది. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. లైట్‌పెన్నుతో తెరను తాకి గీత గీయడం, గీసినదాన్ని పట్టుకుని జరపడం అందులో సాధ్యమయ్యాయి. కంప్యూటరుకు పని చెప్పాలంటే కార్డులకు రంధ్రాలు పొడవడమే చాలామందికి తెలిసిన రోజులవి.

హ్యాండిల్ గురించి కొత్తవాళ్లకు మొదట అర్థం కానిది, అది బొమ్మలో భాగం కాదని. వ్యూయర్‌ను ఎంత దగ్గరికి లాగి చూసినా బొమ్మలోని పిక్సెళ్లు పెద్దవవుతాయి గానీ హ్యాండిల్ చుక్క అదే సైజులో ఉంటుంది. మౌస్‌తో పట్టుకోవడానికి వీలుగా ఉండాలి కదా. గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరంలో ఉంటే, చెయ్యి దాన్ని చేరడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రం కట్టాడు. రెండర్ చేస్తే, అంటే తుది బొమ్మను ఫైలుగా రాయిస్తే, అందులో హ్యాండిల్స్ రావు. ప్యానెల్ మూసేస్తే మాయమవుతాయి. న్యూక్‌లో క్యూ మీట నొక్కినా దాక్కుంటాయి, మళ్లీ నొక్కితే తిరిగొస్తాయి. తెలియక ఆ మీట తగిలి, ‘హ్యాండిల్స్ పోయాయి’ అంటూ సాఫ్ట్‌వేర్ మూసి తెరిచేవాళ్లు ప్రతి శిక్షణ తరగతిలోనూ ఉంటారు.

చుక్కను లాగుతుంటే ప్యానెల్‌లో అంకెలు మారుతుంటాయి. ఆ అంకెలు ఎక్కడి నుంచి కొలిచినవి? న్యూక్‌లో సున్నా కింది ఎడమ మూలలో ఉంటుంది, పైకి పోయే కొద్దీ నిలువు కొలత పెరుగుతుంది. బడిలో గ్రాఫు కాగితం మీద నేర్చుకున్నదే. ఇదే పనికి వాడే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో సున్నా పై ఎడమ మూలలో ఉంటుంది, కిందికి పోయే కొద్దీ పెరుగుతుంది. పాత టీవీ గొట్టం బొమ్మను పైనుంచి కిందికి గీసినట్టే. ఫోను కదలికను ఫ్రేముఫ్రేముకీ వెంటాడి, అంటే ట్రాక్ చేసి, ఒక దాంట్లో రాసుకున్న అంకెలు ఇంకో దాంట్లో నేరుగా పెడితే ఫోను కిందికి దిగుతుంటే మెసేజ్ పైకి ఎగిరిపోతుంది. త్రీడీలో ఇంకో తిరకాసు. జరపడానికి వచ్చే మూడు బాణాల్లో ఎక్స్ ఎరుపు, వై ఆకుపచ్చ, జడ్ నీలం అన్నది దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒప్పుకున్న సంప్రదాయం. కానీ ‘పైకి’ అంటే ఏదో ఒప్పుకోలేదు. మాయాలో, న్యూక్‌లో పైకి చూసేది వై, కాబట్టి ఆకుపచ్చ బాణం. బ్లెండర్‌లో, త్రీడీఎస్ మ్యాక్స్‌లో జడ్, కాబట్టి నీలం బాణం. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని వాళ్లు యూరోపియన్ సంతతి మగవాళ్లలో దాదాపు పన్నెండు మందికి ఒకరు ఉంటారు. ఆ రెండు రంగుల్నే రెండు ముఖ్యమైన బాణాలకు ఎందుకు ఇచ్చారో, ఇచ్చేముందు ఎవరినైనా అడిగారో లేదో!

ఇక బొటనవేలు. అది మెసేజ్ మీదుగా జారాలి, అంటే వేలిని ఫ్రేముఫ్రేముకీ కత్తిరించి అన్నిటికంటే పైన పెట్టాలి. ఫోను ఆకుపచ్చగా ఉంటే సాఫ్ట్‌వేర్ రంగును బట్టి వేరు చేస్తుంది. ఈ పనిని కీయింగ్ అంటారు. ఆకుపచ్చనే వాడటానికి ఒక కారణం కెమెరా సెన్సర్‌లో ఉంది. 1976లో కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన అమరికలో ప్రతి నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చను చూస్తాయి, ఒకటి ఎరుపును, ఒకటి నీలాన్ని. ఆకుపచ్చ చానల్ శుభ్రంగా వస్తుంది కాబట్టి అంచు నున్నగా తెగుతుంది. చిక్కల్లా ఆ వెలుగు వేలి అంచుకు పూసుకోవడం. ఎరుపు, నీలం సగటు కంటే ఆకుపచ్చ ఎక్కడా ఎక్కువ ఉండకూడదన్న చిన్న నియమంతో దాన్ని తుడుస్తారు.

తెర నల్లగా ఉంటే రోటో చెయ్యాలి, అంటే వేలి అంచును చేత్తో గీసి వేరు చెయ్యాలి. అయిదు సెకన్లంటే 120 ఫ్రేములు. వేలి చుట్టూ బిందువులు పెట్టి, ఒక్కో బిందువుకు అటూ ఇటూ ఉన్న రెండు పుల్లల్ని లాగి వంపు తేవాలి. ఈ వంపుల గణితం సినిమా కోసం పుట్టలేదు. 1959లో సిట్రోయెన్ కార్ల కంపెనీలో పాల్ ద కాస్టెల్జో, తర్వాత రెనోలో పియర్ బెజియే, కారు బాడీ వంపుల్ని అంకెల్లో పట్టుకోవడానికి ఎవరికి వారుగా కనిపెట్టారు. కాస్టెల్జో పనిని కంపెనీ బయట పెట్టనివ్వలేదు, పేరు బెజియేకు దక్కింది. హైదరాబాద్ స్టూడియోల్లో ఈ రంగంలోకి వచ్చే కుర్రవాళ్లలో చాలామంది మొదటి ఉద్యోగం రోటోనే. నెలల తరబడి పుల్లలు లాగడం. దాన్ని చిన్నపనిగా చూసే సీనియర్లతో నాకు పేచీ ఉంది. వేలి కీలు ఎక్కడ వంగుతుందో చూసి అక్కడే బిందువు పెట్టగలిగిన వాడికి శరీరం కదిలే తీరు తెలుసు.

ఇంతవరకు చేతిని నమ్ముకుంటే చాలు. మూల సరిగ్గా కూర్చుందా లేదా అన్నది కన్ను చెప్తుంది, కన్ను చెప్పింది నిజమే. రంగు దగ్గరికి వచ్చేసరికి ఈ ఒప్పందం చెడిపోతుంది.

18 శాతం వెలుగును వెనక్కి పంపే బూడిదరంగు కార్డు ఒకటి ఉందనుకోండి. కెమెరా అసిస్టెంట్లు షాటుకు ముందు పట్టుకుని నిలబడేది ఇలాంటిదే. కాంతిమీటరుకు అది 0.18. యారీ అలెక్సా కెమెరా తన లాగ్‌సీ పద్ధతిలో దాన్ని సుమారు 0.39గా రాసుకుంటుంది. ఫోను స్క్రీన్‌షాటు వాడే ఎస్‌ఆర్‌జీబీ పద్ధతిలో అదే బూడిద సుమారు 0.46. ఒకే వెలుగు, మూడు అంకెలు. మన కన్నేమో ఆ కార్డును నలుపుకీ తెలుపుకీ సరిగ్గా మధ్యలో ఉన్నట్టు చూస్తుంది. వెలుగు రెట్టింపయితే కంటికి రెట్టింపయినట్టు తోచదు. ఒక మెట్టు ఎక్కినట్టు తోస్తుంది. వెలుగు ఇలా రెట్టింపు కావడాన్నే ఒక స్టాపు అంటారు.

ఫైళ్లు వెలుగును ఉన్నదున్నట్టు రాసుకోకపోవడానికి కారణం కూడా ఈ కంటి స్వభావమే. 256 మెట్లున్న 8 బిట్ల ఫైల్లో వెలుగును సమానంగా పంచి రాస్తే, అత్యంత ప్రకాశవంతమైన ఒక్క స్టాపే అందులో సగం, అంటే 128 మెట్లు మింగేస్తుంది. నీడల్లో కన్ను చురుగ్గా గమనించే తేడాలకు మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టే అన్ని. అందుకని నీడలకు ఎక్కువ మెట్లు వచ్చేలా వంచి రాస్తారు. దాచడానికి ఈ వంపు మంచిదే, లెక్క చెయ్యడానికే పనికిరాదు. గదిలో రెండు దీపాల వెలుగు మామూలు కూడికలా కలుస్తుంది. వంచిన అంకెల్ని కూడితే వచ్చేది ఆ వెలుగు కాదు. ఎరుపునూ ఆకుపచ్చనూ ఎస్‌ఆర్‌జీబీ అంకెల్లోనే సగం సగం కలిపితే రెండూ 128 అయి మురికి ఆవరంగు వస్తుంది. అసలు వెలుగులోకి మార్చి కలిపి తిరిగి వంచితే రెండూ 188 అయి కాంతిగల పసుపు వస్తుంది. బొమ్మల అంచుల్లో కనిపించే నల్లటి చారల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క పొరపాటే.

న్యూక్ అందుకే లోపలికొచ్చిన ప్రతి ఫైలునూ లీనియర్ వెలుగులోకి మార్చుకుని దశాంశాలతో లెక్క చేస్తుంది. 1 అంటే తెలుపు, కానీ అది పైకప్పు కాదు. మన కథానాయిక వెనక వీధిదీపం ఒకటి 40 అని రాసి ఉండొచ్చు. ఫోకస్ తప్పినట్టు చూపించడానికి ఆ వెలుగును 20 పిక్సెళ్లకు పరిచారనుకోండి. ఒక్కోదానికి 2 వస్తుంది, ఇంకా తెలుపు కంటే ఎక్కువే, దీపం వెలుగుతూనే ఉంటుంది. ముందే 1 దగ్గర కోసేసిన ఫైలైతే ఒక్కోదానికి 0.05. దీపం ఆరిపోయి బూడిద మచ్చ మిగులుతుంది. ఐఎల్‌ఎమ్ స్టూడియో 2003లో అందరికీ విడుదల చేసిన ఓపెన్ ఈఎక్స్ఆర్ ఫైలు ఈ పెద్ద అంకెల్ని మోయడానికే పుట్టింది. 16 బిట్ల దశాంశంలో 65,504 దాకా పడుతుంది.

దీన్నుంచి తేలేదేమిటంటే, ఫైలును లోపలికి తెచ్చే రీడ్ నోడ్‌లో కలర్‌స్పేస్ అన్న చిన్న పెట్టె మిగతా నాబ్‌లన్నిటికీ అర్థం చెప్తుంది. ప్లేటుకు, అంటే కెమెరా తీసిన అసలు దృశ్యానికి, లాగ్‌సీ, స్క్రీన్‌షాటుకు ఎస్‌ఆర్‌జీబీ అని సరిగ్గా చెప్తే గెయిన్‌ను 2 చెయ్యడమంటే వెలుగు ఖచ్చితంగా ఒక స్టాపు పెరగడం. లాగ్ అంకెల మీదే ఆ 2 పెడితే బొమ్మ పేలిపోతుంది, ఎందుకంటే లాగ్‌లో స్టాపు పెరగడమంటే గుణకారం కాదు, కూడిక. కొడాక్ సినియాన్ 10 బిట్ల ఫైల్లో 90 కూడితే సుమారు ఒక స్టాపు. నాబ్ పేరు అదే, అర్థం మారిపోయింది. రంగుకు సంబంధించని ఫైళ్లతో ఇంకా ప్రమాదం. లెన్సు వంపును సరిచేసే ఎస్‌టీ మ్యాప్‌లో ఎరుపు, ఆకుపచ్చ రంగులు కావు, చిరునామాలు: బొమ్మలో ఫలానా చోటు నుంచి పిక్సెల్ తెచ్చుకో అని. నడిమధ్యకు 0.5 అని రాసి ఉంటుంది. దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదివితే 0.21 అవుతుంది, నడుమ ఉండాల్సింది మూలకు జారిపోతుంది. అలాంటివాటికి ‘రా డేటా’ గడిలో టిక్కు పెట్టడమే మందు.

ఇప్పుడు మెసేజ్ ఎంత ప్రకాశంగా ఉండాలి? స్క్రీన్‌షాటులో తెలుపు 1. కానీ చీకటి గదిలో మొహం కనపడేలా కెమెరా పెడితే నిజం ఫోను తెలుపు 3గానో 4గానో నమోదవుతుంది. 1 దగ్గర వదిలేస్తే తెర మీద కాగితం అతికించినట్టుంటుంది, ప్రేక్షకుడికి కారణం తెలియదు గానీ తేడా తెలుస్తుంది. నలుపు కూడా సున్నా కాదు. గాజు మీద గది వెలుగు ఎప్పుడూ కొంత పడుతుంది. తెరను ఆపేసి తీయడం నాకు ఆకుపచ్చ కంటే నచ్చేది ఇందుకే: ఆ నల్లని గాజులో కిటికీ, పైకప్పు దీపం, కదిలే ప్రతిబింబాలన్నీ కెమెరా ఊరికే ఇచ్చేస్తుంది. లీనియర్ లెక్కలో వాటిని మెసేజ్ వెలుగుకు కూడితే సరి. ఆకుపచ్చ పెట్టారంటే కీయింగ్‌కి సుఖం, ప్రతిబింబానికి కష్టం.

అన్నీ సరిగ్గా చేసినా, చూసేది మాత్రం మానిటరులో. లీనియర్ అంకెల్ని మానిటరుకు నేరుగా పంపితే బొమ్మ చీకటిగా కనిపిస్తుంది. అందుకని వ్యూయర్ మీద ఒక ఎంపిక ఉంటుంది: ఎస్‌ఆర్‌జీబీ, రెక్ 709, లేదా సినిమా సొంత లట్, అంటే రంగుల మార్పిడి పట్టిక. అది కళ్లద్దాల్లాంటిది. చూపును మారుస్తుంది, ఎదురుగా ఉన్నదాన్ని ముట్టదు. దాని పక్కనే ఎఫ్/8 అని మొదలయ్యే స్టాపు స్లైడరు, గామా స్లైడరు ఉంటాయి. అవీ చూపుకే. హ్యాండిల్ లాగితే బొమ్మ మారుతుంది, వ్యూయర్ స్లైడరు లాగితే మారదు. రెండూ అదే కిటికీలో, అరచెయ్యంత దూరంలో ఉండటమే గందరగోళానికి మూలం. గామా పెంచి ఉన్న సంగతి మరిచిపోయి గంటసేపు గ్రేడ్ చేస్తే, ఆ గంట వృథా.

ఒక సినిమా నాలుగు ఊళ్లలో నాలుగు స్టూడియోల మధ్య పంచుకుంటున్నప్పుడు అందరూ ఒకే అద్దం పెట్టుకోవాలి. సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్ తన రంగుల పద్ధతిని ఓపెన్‌కలర్‌ఐఓ పేరుతో 2010లో ఉచితంగా ఇచ్చేసింది. ఆస్కార్లిచ్చే అకాడమీ 2014లో ఏసెస్ అనే రంగుల పద్ధతి మొదటి పూర్తి రూపాన్ని విడుదల చేసింది. ఇప్పుడు హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లకు విదేశీ స్టూడియో ముందుగా ఒక కాన్ఫిగ్ ఫైలు పంపుతుంది. దాంతో ఇక్కడి ఎఫ్/8, అక్కడి ఎఫ్/8 ఒకటే. మానిటర్లు సరిచేసి ఉంటేనే సుమా.

అయినా కన్ను మోసపోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్ గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల బాధ్యత చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రాల్‌కు, నల్లదారం నలుపు సరిగా తేలట్లేదని ఫిర్యాదు వచ్చింది. అద్దకాన్ని పరీక్షించి చూస్తే లోపం దాంట్లో లేదు. పక్కనున్న నీలం దారాలే నలుపును వెలిసినట్టు చూపిస్తున్నాయి. 1839లో ఆయన దీని మీద పెద్ద పుస్తకమే వేశాడు. కాంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ ముదురు బూడిదరంగులో ఉండటం ఫ్యాషన్ కాదు, షెవ్రాల్ నలుపు ఫిర్యాదుకు జవాబు. రంగు తేల్చేటప్పుడు మెరిసే హ్యాండిల్స్ దాచెయ్యమనేదీ అందుకే. కర్సరు కింద పిక్సెల్ అంకెలు చూపించే వరస వ్యూయర్ అడుగున ఉంటుంది. మెసేజ్ నలుపు, పక్కనున్న చీర మడత నలుపు సరిపోయాయా అన్నది కన్ను చెప్పలేనప్పుడు ఆ అంకెలే చెప్తాయి.

పంపేముందు అనుభవమున్నవాళ్లు రెండు పరీక్షలు చేస్తారు. వ్యూయర్ గామాను పైకి కొట్టి, కిందికి కొట్టి చూస్తారు. మామూలు వెలుగులో కలిసిపోయినట్టున్న అతుకు, నీడలు తెల్లబడగానే పలకలా బయటపడుతుంది. థియేటర్ ప్రొజెక్టరు, డీఐ గదిలో రంగులు దిద్దేవాళ్లు తర్వాత చెయ్యబోయేదీ ఇలాంటిదే కాబట్టి ఇక్కడే పట్టుకోవడం మేలు. రెండోది తీసివేత. రెండర్‌ను మళ్లీ లోపలికి తెచ్చుకుని దాన్నుంచి అసలు ప్లేటును తీసేసి, వ్యూయర్ గెయిన్‌ను బాగా పెంచుతారు. ఫోను, వేలు, వాటి వెలుగు పడిన చోటు తప్ప మిగతా అంతా నల్లగా ఉండాలి. మొత్తం ఫ్రేము పల్చగా మెరిసిందంటే ఎక్కడో కలర్‌స్పేస్ ఒకటి తప్పింది, లేదా వ్యూయర్ లట్ రెండర్‌లోకి ఎక్కేసింది. రీడ్, రైట్ నోడ్‌లు తెరిచి ఆ చిన్న పెట్టెలు మళ్లీ చూసుకుని, ఇంకోసారి రెండర్‌కు పెట్టాలి.